గది సర్దే ఆవిడకి టిప్ ఎందుకివ్వకూడదంటే

మా ఆయన దామోదర్ గారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి దయ ఎక్కువ.

నమ్మకం లేకపోతే మాతో వెకేషన్‌కి రండి. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్‌కి తాళం వేసిన క్షణం నుంచి ఆ దయ పొంగుకొస్తుంది. మోటెల్ గదులు సర్దే ఆడవాళ్ళ మీద మరీను. వాళ్ళకి పైసా టిప్ ఇవ్వరు. ఇస్తే వాళ్ళ ఆత్మగౌరవం దెబ్బతింటుందని ఆయన బెంగ.

ఆలోచించగా ఆయన మాటే సబబని నాకూ తోచింది. అందుకే సెలవులకి బయల్దేరబోయే తెలుగువారందరికీ ఇది నా విన్నపం. మోటెల్ గది సర్దే ఆవిడకి టిప్ ఇచ్చి ఆమెను అవమానించకండి.

మరి రెస్టారెంట్‌లో వెయిటర్‌కి ఇస్తున్నాం కదా అంటారా? అన్నారంటే మీకు శాస్త్రం తెలియదన్నమాట. వెయిటర్ మన పక్కనే నిలబడి ఉంటాడు. మన చెయ్యి జేబులోకి వెళ్ళిందో లేదో చూస్తుంటాడు. పక్క టేబుల్ దగ్గర తెల్లవాళ్ళూ చూస్తుంటారు. చూసేవాళ్ళుంటేనే దాన్ని టిప్ అంటారు. గది సర్దే ఆవిడ మనం బయటికి వెళ్ళాక వస్తుంది, మనం తిరిగొచ్చేలోపు వెళ్ళిపోతుంది. సాక్షి లేని చోట దిండు మీద డబ్బు పెట్టి రావడాన్ని ఏమంటారు? మా ఆయన దాన్ని పారేసుకోవడం అంటారు.

పైగా రూపాయల సంగతొకటి ఉంది. ఈ దేశంలో ఎన్నేళ్ళున్నా మనవాళ్ళు డాలర్‌ని డాలర్‌గా చూడలేరు. టిప్ అనగానే దాన్ని రూపాయల్లోకి మార్చి, విజయవాడ తీసుకెళ్ళి, ఆ డబ్బుతో అక్కడ అంట్లు తోమే మనిషిని ఎన్నాళ్ళు పెట్టుకోవచ్చో చూసి, గుండె పట్టుకుని వెనక్కి వస్తారు. అంతదూరం తిరిగి అలిసిపోయిన డాలర్‌ని ఎవరు మాత్రం వదులుకుంటారు? వీసీఆర్ కొనేటప్పుడు మాత్రం అదే డాలర్ ఎక్కడికీ ప్రయాణం చెయ్యదు. బుద్ధిగా షాపులోనే ఉంటుంది.

మా ఫ్యామిలీ ఫ్రెండ్ జగదీష్ గారు ఇంకో మెట్టు పైనున్నారు. ఆయన మన దేశంవాళ్ళు నడిపే మోటెల్‌లోనే దిగుతారు. "మనవాళ్ళింటికి చుట్టంగా వెళ్ళి, దిండు కింద డబ్బులు పెట్టొస్తామా చెల్లెమ్మా? బాగోదు" అంటారు. ఆ చుట్టరికం గుర్తుంచుకునే, గది అద్దె దగ్గర అరగంట బేరమాడతారు. ఇద్దరమేనని చెప్పి, కార్‌లో తలలు వంచుకుని కూర్చున్న మిగతా నలుగురినీ తర్వాత లోపలికి తెచ్చుకుంటారు. వాళ్ళు వాడిన తువ్వాళ్ళకి పసుపు మరకలు అంటుకుంటే, అది శుభమే కదా అంటారు.

అయితే ఈ సిద్ధాంతంలో ఒక చిక్కుంది. కారిడార్‌లో బండి తోసుకుంటూ ఆవిడ ఎదురుపడితే? నవ్వి, గుడ్ మార్నింగ్ అంటే? అప్పుడు ఆమె కూడా చూసేవాళ్ళలో చేరిపోదూ?

ఈ చిక్కుని విప్పిన ఘనత మా ఆయనది. మోటెల్ తలుపు పిడికి తగిలించడానికి ఒక అట్టముక్క ఇస్తారు చూడండి, 'డు నాట్ డిస్టర్బ్' అని. అది తగిలిస్తే ఆవిడ లోపలికి రాదు. రాకపోతే సర్దదు. సర్దకపోతే టిప్ ప్రశ్నే లేదు. ఆమె గౌరవం ఆమెకి, మన డాలర్ మనకి. ఇంతటి ఉపాయం కనిపెట్టిన మనిషిని ఆఫీస్‌లో ఇంకా ప్రమోట్ చెయ్యలేదంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

పోయిన వేసవిలో ఫ్లోరిడా వెళ్ళినప్పుడు ఈ ఉపాయాన్ని పూర్తిస్థాయిలో అమలు చేశాం.

నాకు ఆ ప్రయాణం మీద ఒకే ఒక్క ఆశ. మా చెల్లెలు సుమతి ఒక సీరియల్‌ని వారపత్రికల్లోంచి చింపి, బైండ్ చేయించి, ఓడలో పంపింది. హీరోయిన్ పెళ్ళిపీటల మీంచి లేచిపోతుందా, నోరు మూసుకుని తాళి కట్టించుకుంటుందా అన్న దగ్గర నేను ఇండియా వదిలి వచ్చేశాను. అప్పటినుంచీ ఆ పిల్ల అలా కూర్చునే ఉంది. బైండు చేతికొచ్చినా తెరవలేదు. స్విమ్మింగ్ పూల్ పక్కన పడక కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఎవరూ పిలవని చోట చదువుకోవాలని దాచుకున్నాను.

"ఏవండీ, ఆవిడొచ్చి గది సర్దుతుంది కదా, నేనలా పూల్ దగ్గర కూర్చుంటాను" అన్నాను మొదటిరోజు పొద్దున.

"గదిలో వంట చెయ్యకూడదని రూలుంది కదా, ఆవిడ లోపలికొస్తే మనం తెచ్చుకున్న రైస్ కుక్కర్ చూడదూ? వెళ్ళి మేనేజర్‌కి చెప్పదూ? పైగా వచ్చాక ఏదో ఒకటి ఇవ్వాలి" అన్నారు అట్టముక్క తగిలిస్తూ. "నువ్వే ఓ చెయ్యి వేస్తే అయిపోతుందోయ్. ఎంతసేపు?"

ఆ ఒక్క చేత్తోనే దుప్పట్లు పరిచాను. బాత్‌టబ్‌లో కూర్చుని, వేలెడంత మోటెల్ సబ్బుతో తువ్వాళ్ళు ఉతికాను. కార్పెట్ మీంచి అన్నం మెతుకులేరాను. కరివేపాకు వాసన కనిపెడతారేమోనని చెత్త సంచీని చీర చెంగు చాటున పార్కింగ్ లాట్ చివరిదాకా మోసుకెళ్ళాను. సీరియల్ సూట్‌కేస్‌లోంచి బయటికి రాలేదు.

"అమ్మా, ఆర్ వీ రియల్లీ ఆన్ వెకేషన్?" అంది మా అమ్మాయి మీనా. ఇక్కడే పుట్టిన పిల్ల, తొమ్మిదేళ్ళది. "నువ్ ఇంట్లో పనే ఇక్కడా చేస్తున్నావ్ కదా?"

"మీ అమ్మకి ఖాళీగా కూర్చుంటే తోచదమ్మా" అన్నారు వాళ్ళ నాన్న, టీవీలోంచి కళ్ళు తిప్పకుండా. తర్వాత గదంతా ఒకసారి కలయజూసి మురిసిపోయారు. "చూశావా, ఎంత నీట్‌గా ఉందో. ఇలాంటి గదికి ఎవరైనా టిప్ ఇస్తారా?"

రెండోరోజూ ఇంతే.

మూడోరోజు పొద్దున తువ్వాళ్ళు పిండుతుంటే నాకు జ్ఞానోదయమైంది. మా ఆయన సిద్ధాంతాన్ని నేను సగమే పాటిస్తున్నాను! పనిచేసే ఆడమనిషిని డిస్టర్బ్ చెయ్యకూడదన్నదే కదా దాని సారం? మరి ఆ అట్టముక్క తలుపుకెందుకు?

"ఏవండీ, కుక్కర్‌లో అన్నం పెట్టాను. అయ్యాక హాట్‌ప్లేట్ మీద పోపు వేసి, నిమ్మకాయ పిండి కలపండి. పులిహోర అవుతుంది" అన్నాను.

"ఆమాత్రం చెయ్యలేనా?" అన్నారాయన, లుంగీ ఎగ్గట్టి.

సీరియల్, హ్యాండ్‌బ్యాగ్, మీనా చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను. వస్తూ వస్తూ తలుపు పిడికున్న అట్టముక్క తీసి, పూల్ దగ్గర నా కుర్చీ చేతికి తగిలించుకున్నాను.

తర్వాత గదిలో జరిగింది ఆయన చెప్పగా విన్నదే. ఆవాలు చిటపటలాడుతుంటే ఎవరో తలుపు తట్టారట. నేననుకుని "రా, రా" అన్నారట. తెలుగు తెలియకపోయినా ఆ పిలుపు అర్థమై ఆవిడ బండితో సహా వచ్చేసిందట. కుక్కర్‌ని చూసింది, గరిటెతో నిలబడ్డ మా ఆయన్ని చూసింది. ఒక్క తుమ్ము తుమ్మి, కిటికీ తెరిచి, పని మొదలుపెట్టింది. పాపం ఆయన ఎటు పోతారు? టీవీకీ గోడకీ మధ్య ఒదిగి నిలబడ్డారు. పరుపు ఎత్తడం, దుప్పటి దోపడం, టబ్బు తోమడం, మెతుకులేరడం అన్నీ మొదటినుంచి చివరిదాకా చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక మనిషి ఇల్లు సర్దుతుంటే ఆయన చూడడం అదే మొదటిసారి.

పోతూ పోతూ ఆవిడ గుమ్మంలో ఆగి నవ్విందట. ఇంకేముంది, చూసేవాళ్ళలో చేరిపోయింది! ఆయన చెయ్యి దానంతటదే జేబు కోసం వెతుక్కుంది. లుంగీకి జేబెక్కడిది? ప్రయాణాల్లో ఆయన పర్స్ ఉండేది నా హ్యాండ్‌బ్యాగ్‌లో.

అలా ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో గరిటె పట్టుకుని, పూల్ చుట్టూ పడుకున్న తెల్లవాళ్ళ మధ్యనుంచి మా ఆయన పరుగున వచ్చారు.

"ఏమోయ్, పర్స్ ఏదీ? ఆవిడ వెళ్ళిపోతోంది."

హీరోయిన్ పీటల మీద అటూ ఇటూ కదులుతోంది. నేను తల ఎత్తలేదు. వేలితో అట్టముక్క చూపించాను.

"డాడీ, రీడ్ ద సైన్" అంది మీనా.

చదివారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ గదిలో అంత పనుంటుందని నాకేం తెలుసోయ్? సరే, తప్పు నాదే" అన్నారు.

"ఎవరి విషయంలో?"

"ఆవిడ విషయంలో."

పేజీ తిప్పాను.

"నీ విషయంలో కూడా."

హ్యాండ్‌బ్యాగ్ మీద చెయ్యి వేశాను గానీ తెరవలేదు. పక్క కుర్చీలో ఒక ముసలావిడ నల్లకళ్ళద్దాలు పైకెత్తి మమ్మల్నే చూస్తోంది. సాక్షి లేకుండా ఇచ్చింది పారేసుకున్నట్టేనని ఆయనే కదా నాకు నేర్పింది?

"తెలుగులో అంటే ఈవిడకి అర్థం కాదు కదండీ" అన్నాను, ముసలావిడకేసి కళ్ళతో చూపిస్తూ.

"ఐ వాజ్ రాంగ్" అన్నారు మా ఆయన, పూల్ అవతలివాళ్ళకి కూడా వినబడేలా.