విహార సంఘం భయపత్రం

“బస్సు ఘాట్ రోడ్డులో పల్టీ కొట్టి లోయలో పడితే?” అని వరహాలమ్మ హాల్లో అందరికీ వినపడేలా పైకే అంది. దాంతో ఏప్రిల్ నెల యాత్రలో బస్సు లోయలో పడదని ఖాయమైపోయింది కాబట్టి కార్యదర్శి బేబీ గారు భయపత్రం మొదటి గడి దగ్గర కలం ఆనించి, “తిప్పిందా?” అని అడిగారు.

“తిప్పిందండి.”

బేబీ గారు టిక్కు పెట్టారు.

కొత్తవంతెన కాలనీ మహిళా విహార సంఘంలో ఇది ఏటా జరిగే పనే. ఏప్రిల్ మొదటి ఆదివారం మధ్యాహ్నం సభ్యులంతా కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఏడాది పొడుగునా చేసే యాత్రలు నిర్ణయించుకుంటారు. ఏ నెల ఎక్కడికి, పొద్దున్నే ఎన్నింటికి, టిఫిను ఇడ్లీయా ఉప్మాయా, పులిహోర ఎవరింటి నుంచి, ఇదంతా గంటలో తేలిపోతుంది. మిగతా పొద్దంతా భయపత్రాలకే సరిపోతుంది. ఒక్కో యాత్రకి ఒక పత్రం, పత్రానికి ఇరవై గళ్ళు. గడిలో ఎక్కిన కీడు జరగదు. ఎక్కనిది జరగొచ్చు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సంఘం ఆ పనిని రెండు వంతులు చేసింది. కీడెంచడం వరహాలమ్మ వంతు, మేలెంచడం మిగతా నలభైమంది వంతు.

అయితే భయం నిజంది కావాలి. నిరుటి కాగితం చూసి చదివితే చెల్లదు. ఒక ఏడాది అలా చదివించి చూశారు, వనభోజనాల్లో పదకొండుమందికి వాంతులయ్యాయి. కడుపులో తిప్పాలి. తిప్పితేనే టిక్కు.

వరహాలమ్మ చదువుకున్నది ఎనిమిదో తరగతి. ఈ పనికి ఆ చదువు ఎక్కువే. కుక్కర్ మూడో కూత ఆలస్యమైతే ఆమెకి ఇల్లు కూలినంత పనవుతుంది. ఫోను మోగితే ఎవరు పోయారోనని, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమోనని గుండె దడ. మొగుడు గవర్రాజు రైసుమిల్లులో ఫిట్టరు. “నీ నోట ఒక్క మంచి మాట రాదేమే” అని పాతికేళ్ళు కసురుకున్న మనిషి, సంఘం వాళ్ళు ఇంటికొచ్చి ఆవిడకి శాలువా కప్పాక, “మా ఆవిడకి ఇది పుట్టుకతో వచ్చిన విద్యండి” అనడం మొదలెట్టాడు.

ఆమె మాత్రం ఏ యాత్రకీ వెళ్ళలేదు. భయపడ్డ మనిషి బస్సులో ఉంటే సరదా పాడవుతుందని సంఘం అభిప్రాయం. అందరూ వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆమె గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

మేలో మామిడితోట. టెంక గొంతుకి అడ్డం పడితే, కొమ్మ విరిగితే, తోటమాలి కుక్క తాడు తెంపుకుంటే. జూన్‌లో సముద్రం.

“అల వచ్చి లాక్కుపోతే? చెప్పులు మాత్రం ఒడ్డునే ఉండిపోతే?”

“రెండూ ఒకటే గడిలో వేస్తానమ్మా,” అన్నారు బేబీ గారు.

“వద్దండి. చెప్పులకి విడిగా తిప్పింది.”

విడిగానే వేశారు.

ప్రతి పత్రానికీ మూడు నకళ్ళు తీస్తారు. ఒకటి సంఘం ఫైల్లోకి, ఒకటి బండి వాళ్ళకి, ఒకటి వెళ్ళే చోట ఉన్నవాళ్ళకి. బస్సు యజమాని సూరిబాబు తన నకలు కోసం వెనక వరసలో కూర్చుని పుణుకులు తింటున్నాడు.

“బ్రేకులు రాశారాండీ, అక్కగారూ?”

“ఎనిమిదో గడి, సూరిబాబూ.”

“చల్లగా ఉండాలి మీరు. అయితే బ్రేకుల సంగతి పై ఏడాది చూసుకోవచ్చు.”

సూరిబాబు మాట మీద నిలబడే మనిషి. నిరుడు పత్రంలో టైర్లు ఎక్కితే ఆ ఏడాదంతా టైర్ల జోలికి పోలేదు. బస్సుకి నిప్పంటుకోదని తేలాక, వెనక ఉన్న అత్యవసర ద్వారానికి అడ్డంగా ముగ్గురు పట్టే సీటు వేయించాడు. రిజర్వాయరు దగ్గర పడవల వాళ్ళు కూడా అంతే. నిరుడు సంఘం పత్రం అందిన రోజునే లైఫ్ జాకెట్లన్నీ టీకొట్టు బల్లల మీద మెత్తలుగా వేసేశారు. ‘ఇక్కడ లోతు ఎక్కువ’ అన్న బోర్డు పీకి, ఒడ్డు నుంచి పడవెక్కడానికి పలకలా వాడుతున్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరి దగ్గరా నకలుంది.

జులై రిజర్వాయరుదే. బేబీ గారు పడవెక్కేవాళ్ళ పేర్లు చదువుతున్నారు. వరహాలమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ, పడవ గురించి కడుపులో కూడబెట్టుకుంటోంది.

“ముప్పై ఎనిమిది. బోనం స్వర్ణ.”

వరహాలమ్మ చెయ్యి ఆగిపోయింది. బోనం వాళ్ళు కాలనీలో ఒక్కరే. స్వర్ణ ఆమె కూతురు.

స్వర్ణకి ఇరవై రెండేళ్ళు. రక్తపరీక్షల ల్యాబులో పని. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతి సంచీతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

“ఎప్పుడు చేరావే సంఘంలో? నాకు చెప్పకుండా?”

“చెప్తే చేరనిస్తావేంటమ్మా? ఊళ్ళో అందరి కోసం భయపడి అందరినీ పంపించావు. నన్ను మాత్రం సంత దాటనివ్వలేదు. ఒక్కసారి పడవెక్కుతాను. ఒక్కసారే.”

“నీళ్ళే తల్లీ అవి!”

“తెలుసమ్మా. అందుకే పడవ.”

ఎవరో ఫక్కున నవ్వారు. వరహాలమ్మకి కడుపులో తిప్పింది. ఈ పదేళ్ళలో ఎన్నడూ తిప్పనంతగా తిప్పింది. “రాసుకోండి బేబీ గారూ. పడవ తిరగబడితే? రాసుకోండి!” అని ఆమె దాదాపు అరిచింది.

బేబీ గారు కలం ఎత్తలేదు. అధ్యక్షురాలు హైమావతి గారి వైపు చూశారు. హైమావతి గారు కళ్ళద్దాలు సర్దుకుని నియమావళి తెరిచారు.

“పదకొండో నియమం వరహాలమ్మా. సొంత రక్తం గురించిన భయం చెల్లదు. మిగతా ముప్పై ఏడుగురికీ నీ భయం చెల్లుతుంది. వాళ్ళకి పడవ తిరగబడదు.”

“పడవ ఒక్కటే కదండీ? వాళ్ళకి తిరగబడకుండా దీనికి ఎలా తిరగబడుతుంది?”

“తిరగబడక్కర్లేదు. మీ అమ్మాయి ఒక్కతే జారి పడొచ్చు,” అన్నారు హైమావతి గారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, నియమం అలా ఉంది.

ఆ నియమం ఎందుకొచ్చిందో కాలనీలో అందరికీ తెలుసు. వరహాలమ్మ కంటే ముందు ఈ పని మాణిక్యాంబ గారు చేసేవారు. జలపాతం యాత్రకి ఆవిడ కొడుకు కూడా వెళ్ళాడు. ఫోటో కోసం రెయిలింగుకి ఆనుకున్నాడు. విచారణ సంఘం వచ్చి, రెయిలింగు చూపించమనలేదు, పత్రం చూపించమంది. ఇరవై గళ్ళలో పద్దెనిమిది కొడుకు గురించే ఉన్నాయి. వాడు తడి బట్టలతో ఉండిపోతే. వాడికి ఆకలేస్తే. వాడు సిగ్గుపడి అడక్కపోతే. తుప్పు గురించి గడి లేదు. ప్రేమ ఎక్కువైతే గళ్ళు వృథా అవుతాయని తేల్చి, పదకొండో నియమం రాశారు. ఆ రెయిలింగు ఇప్పటికీ అక్కడే ఉంది. ఏటా దాన్ని పత్రంలో రాస్తున్నారు.

మాణిక్యాంబ గారు ఏటా సమావేశానికి వస్తారు. నీళ్ళ కుండ పక్కన చివరి కుర్చీలో కూర్చుంటారు. పదేళ్ళుగా హాజరు పిలిచినా పలకలేదు. బేబీ గారే చూసి వేసుకుంటారు.

“జాకెట్లున్నాయి కదండీ టీకొట్లో,” అంది స్వర్ణ. “అడిగి వేసుకుంటే పోదా?”

హాల్లో గుసగుసలు లేచాయి. సూరిబాబు పుణుకు నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

“చూడమ్మా,” అన్నారు హైమావతి గారు ఓపిగ్గా. “జాకెట్టు అడిగితే మన పత్రాన్ని మనమే నమ్మట్లేదని కాదూ అర్థం? రేపు ఆ పడవవాడి ముందు మన పరువేం కావాలి? మీ అమ్మ పదేళ్ళ కష్టం ఏం కావాలి?”

స్వర్ణ తల్లి వైపు చూసింది. వరహాలమ్మకి జాకెట్టు కావాలని ఉంది. శాలువా కూడా గుర్తొచ్చింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

“నియమంలో దారి ఉంది,” అన్నారు బేబీ గారు పేజీ తిప్పి. “రక్తసంబంధం లేనివాళ్ళు ఎవరైనా మీ అమ్మాయి కోసం భయపడొచ్చు.”

వరహాలమ్మ రెండు చేతులూ జోడించి ముందు వరస వైపు తిరిగింది. “అమ్మా, పదేళ్ళు మీ పిల్లల కోసం, మీ మనవల కోసం తిప్పించుకున్నాను. ఇరవై గళ్ళు కాదు, ఒక్క గడి. నా పిల్ల కోసం ఎవరైనా ఒక్క గడి భయపడండి.”

ముందు వరసలో పాపాయమ్మ లేచింది. మంచి మనిషి. కళ్ళు మూసుకుని చాలా సేపు ప్రయత్నించింది. “స్వర్ణకి... నీళ్ళ గాలికి జలుబు చేస్తే?”

“తిప్పిందా?”

“లేదండీ. ఆకలేస్తోంది.”

ఇంకొకావిడ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, “పడవలో... పడవలో...” అని కూర్చుండిపోయింది. మూడో ఆవిడ ఏడవడానికి ప్రయత్నించి ఆవలించింది. భయపడి పదేళ్ళయింది వాళ్ళకి. ఎలా మొదలెట్టాలో ఎవరికీ గుర్తు లేదు. కావాలని చేసింది కాదు. అలవాటు తప్పింది, అంతే.

“ఇంకెవరైనా?” అన్నారు హైమావతి గారు.

ఫ్యాను తిరుగుతోంది. సూరిబాబు చేతులు తుడుచుకున్నాడు.

“రెండోసారి అడుగుతున్నాను. ఎవరైనా?”

వరహాలమ్మ ఒక్కో మొహమే చూసుకుంటూ వెళ్ళింది. ఒక్కో మొహమే కిందికి వాలిపోయింది. స్వర్ణ గుమ్మం దగ్గర సంచీ భుజం మార్చుకుంది. ఇప్పుడు దాని మొహంలో పడవ సరదా లేదు. జాకెట్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, స్వర్ణ కూడా.

“మూడోసారి.”

బేబీ గారి కలం ఇంకు కాగితం మీద చుక్కగా ఊరింది.

“పడవ ఒక పక్కకి ఒరిగితే?”

ఆ గొంతు ఎవరిదో హాల్లో చాలామందికి తెలియలేదు. కుర్చీలన్నీ కిర్రుమని నీళ్ళ కుండ వైపు తిరిగాయి.

“ఒరిగితే,” అన్నారు మాణిక్యాంబ గారు, “ఆ పిల్లకి పట్టుకోవడానికి ఏమీ దొరక్కపోతే? పిలిస్తే ఎవరికీ వినపడకపోతే? పొద్దున్న ఏమీ తినకుండా వెళ్ళిపోతే?”

బేబీ గారు గబగబా నాలుగు గళ్ళూ రాశారు. టిక్కు పెట్టే ముందు నియమం ప్రకారం అడగాలి. అడిగారు.

“తిప్పిందా అండీ?”

మాణిక్యాంబ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్వర్ణ వైపు చూశారు. చాలా సేపు చూశారు.

“పదేళ్ళుగా ఆగలేదమ్మా,” అన్నారు. “పెట్టుకో టిక్కు.”