మోరాగ్ రెండోసారి అడగలేదు

ఆ శనివారం పొద్దున జయలక్ష్మి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఉత్సవ కమిటీ పెద్ద మోరాగ్ టిఫిన్‌కి వస్తుంది, పాడమని అడుగుతుంది. తను రెండుసార్లు కాదంటుంది, మూడోసారి ఇంక తప్పదన్నట్టు ఒప్పుకుంటుంది. కాకినాడలో పాడేవాళ్లంతా అలాగే ఒప్పుకుంటారు.

స్కాట్లండ్ ఉత్తరపు కొసనున్న ఆ చిన్న దీవిలో వేసవి సంగీతోత్సవాన్ని ఊరివాళ్లే వలంటీర్లుగా నడుపుకుంటారు. భర్త సదాశివం అక్కడి క్లినిక్‌లో డాక్టరుగా చేరినప్పటి నుంచీ ఆ స్టేజీ మీద ఒక్క కీర్తన పాడాలని జయలక్ష్మి ప్రాణం కొట్టుకుపోతోంది. చలికాలమంతా సాధన చేసింది. పక్క పొలంలో గొర్రెలు కూడా ఆమె గొంతుకి అలవాటు పడిపోయాయి.

మోరాగ్ వచ్చింది, ఉప్మా తింది, అడిగింది.

"అబ్బే, నాకేం వచ్చండీ," అంది జయలక్ష్మి సిగ్గుపడుతూ.

"క్షమించండి, ఇబ్బంది పెట్టాను. ఇంక ఆ మాట ఎత్తను," అంది మోరాగ్. అన్నట్టే ఎత్తలేదు.

సంగతి విని సదాశివం తల పట్టుకున్నాడు. "వీళ్లు బతిమాలరే. ఒక్కసారే అడుగుతారు. ఇకనుంచి ఏమడిగినా టక్కున సరే అనెయ్."

"పోనీ మీరు ఫోన్ చేసి చెప్పకూడదూ?"

"నువ్వే చెయ్యొచ్చుగా."

"బాగుంది, పాడతానని నా నోటితో నేనే ఎలా అంటానండీ?"

మర్నాటి నుంచి మోరాగ్ అడగడం, జయలక్ష్మి టక్కున సరే అనడం. కార్ పార్కింగ్ చూస్తారా? సరే. సూప్‌కి ఉల్లిపాయలు తరుగుతారా? సరే. టాయిలెట్లు? సరే. గొర్రెపిల్లల అందాల పోటీకి జడ్జి? దానికీ సరే. ఉత్సవం నాటికి వలంటీర్ల పనుల జాబితా నిండా ఆమె పేరే, స్టేజీ మీద తప్ప.

ఆ రోజు పొగమంచు దిగి ఫెర్రీ ఆగిపోయింది. పేరున్న బ్యాండు అవతలి ఒడ్డునే చిక్కుకుపోయింది. టెంటులో జనం ఖాళీ స్టేజీ కేసి చూస్తున్నారు. పసుపు జాకెట్ తొడుక్కుని కార్లు పెట్టిస్తున్న జయలక్ష్మికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ తప్పు పొద్దున తరిగిన ఉల్లిపాయల మీదికి నెట్టేసి, బాధ పోవడానికి కీర్తన అందుకుంది. చేతిలో వాకీటాకీ మీట నొక్కే ఉందని గమనించలేదు. రెండో వాకీటాకీ స్టేజీ మైకు పక్కనే ఉంది.

టెంటంతా కీర్తన మోగింది. మధ్యమధ్య "బాబూ ఎర్ర కారు, కాస్త వెనక్కి" అని కూడా మోగింది. జనం దానికీ తాళం వేశారు.

మోరాగ్ పరుగెత్తుకొచ్చింది. "పాడుతున్నది మీరా? స్టేజీ మీద పాడతారా?"

అబ్బే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. జయలక్ష్మి దాన్ని మింగేసి, "సరే," అంది. జాకెట్ విప్పి కంచె మీద పడేసి పరుగెత్తింది.

ఒక్క కీర్తన అనుకున్నది కచేరీ అయింది. ఈలోగా మంచు విడిపోయి ఫెర్రీ వచ్చింది. బ్యాండువాళ్ల వ్యానూ, వెనకే కార్లూ పార్కింగ్‌లో ఇరుక్కుపోయాయి. దారి చూపే దిక్కులేదు. లోపల ఆమె అప్పుడే కొత్త రాగం ఎత్తుకుంది.

ఆ రోజు బ్యాండువాళ్లు కార్లు చాలా పద్ధతిగా పెట్టించారని దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.