సబ్హాన్ ఆకాశంలో జియస్

కువైట్‌లోని మా తెలుగు కళా సమాఖ్య 2009 వార్షికోత్సవంలో ప్రాచీన గ్రీకు నాటకం ప్రదర్శించిందని తెలియజేయడానికి గర్విస్తున్నాము. గ్రీకులు ఇంతవరకు అభ్యంతరం తెలుపలేదు.

పాత్రల పంపకం ప్రజాస్వామికంగా జరిగింది. కార్యవర్గంలో ఉన్నవారంతా దేవతలు. గ్రీకు నాటకంలో బృందంగా పాడేవాళ్లు కూడా ఉంటారట. వెనక వరుసలో నిలబడడానికి ఎవరూ ఒప్పుకోనందున ఆ బృందానికి కూడా దేవతలుగా పదోన్నతి కల్పించాము. మధుదేవుడు డయోనిసస్‌కు, ఈ దేశ చట్టాలను గౌరవిస్తూ, ద్రాక్షరసం ప్యాకెట్టు స్ట్రాతో సహా ఇచ్చాము. గ్రీకు నటులు ముఖానికి మాస్కులు పెట్టుకునేవారు. అలాగైతే ఫొటోల్లో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని సభ్యులు ఆందోళన చెందగా, ఎవరి మాస్కు మీద వారి పాస్‌పోర్టు ఫొటోనే పెద్దది చేయించి అంటించాము.

దేవాధిదేవుడు జియస్ వేషం సహజంగానే అధ్యక్షులు కిరణ్ కుమార్ గారిది.

నాటకంలో మనిషి పాత్ర ఒక్కటే. పరాయి దేశంలో చిక్కుకొని, ఇంటికి పంపమని దేవతలను వేడుకునే దాసి. దానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో అబూ హలీఫాలో ఇంటిపని చేసే సంజీవమ్మను తీసుకున్నాము. కూతురి తొలి కాన్పుకు ఊరెళ్లాలని ఆమె నెలల తరబడి సెలవు అడుగుతోంది. ఇక్కడి పనివాళ్లు 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు వినడం లేదు. ఆ మామా భర్త కంపెనీలోనే మా అధ్యక్షులు మేనేజరు. ఆయనతో ఒక్క మాట చెప్పమని సంజీవమ్మ ఎప్పుడు వచ్చినా, "ముందు ఫంక్షన్ కానీమ్మా" అని అధ్యక్షులు ఓదార్చేవారు.

కథ చిక్కున పడితే గ్రీకులు దేవుణ్ణి యంత్రంతో పైనుంచి దింపి పని కానిచ్చేవారట. సబ్హాన్ పారిశ్రామికవాడలోని గోదాములో క్రేన్ నడిపే పెంచల్ మాకున్నాడు. అందుకే నాటకం ఆ ఆవరణలోనే పెట్టాము.

ముందుగా దేవతలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఈలోగా సూర్యదేవుడు అపోలోకు ఎండదెబ్బ తగిలింది. ఆ తర్వాత నడుముకు బెల్టు, మెడలో దండలు, భుజాన శాలువాలతో జియస్ క్రేన్‌కు వేలాడుతూ దర్శనమిచ్చారు.

"దాసీ, ఏమి నీ కోరిక?"

సంజీవమ్మ రాసిచ్చిన మాటలు మరిచిపోయింది. "నా బిడ్డ కాన్పు దగ్గర పడింది సార్. నేను పనిజేసే ఇంటాయనతో ఒక్క మాట జెప్పు. పోయొస్తా."

ఆ సహజ నటనకు సభ చప్పట్లతో మారుమోగింది. జియస్ "పరిశీలిస్తాము" అని, దింపమని సైగ చేశారు.

క్రేన్ కదలలేదు. పెంచల్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టాడు. "ఆయమ్మ పని సూడు సార్ ముందు. ఫోను నీ కాడే ఉండాది గదా. అది ఖలాస్ అయితే దించుతా."

ఉద్యోగం పీకిస్తానని దేవాధిదేవుడు హెచ్చరించారు. క్రేన్ ఇంకొంచెం పైకి లేచింది. కింద దేవతలంతా నియమావళి తిరగేశారు. దేవుణ్ణి దింపే నిబంధన అందులో లేదు. గాలికి జియస్ కట్టుకున్న దుప్పటి కూడా రాజీనామాకు సిద్ధపడింది. అప్పుడాయన శాలువాల్లోంచి మొబైలు తీసి ఆకాశం నుంచే ఫోన్ చేశారు. నెలలుగా కాని పని నాలుగు మాటల్లో అయిపోయింది. "ఇంతేనా, ముందే చెప్పకపోయావా" అన్నారట అవతలి పెద్దమనిషి.

సంజీవమ్మ కాన్పు వేళకు ఊరు చేరుకుంది. మనవరాలు పుట్టిందట, మాకు చాలా సంతోషం.

ఈ అనుభవం దృష్ట్యా, ఇకపై దేవతలు నిచ్చెన మీదుగానే దిగాలని, క్రేన్ వాడరాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. వచ్చే ఏటి నాటకానికి మనిషి వేషం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. పాఠకులైన తమరి దరఖాస్తు కూడా అందింది. చూశాము. తమరూ దేవత వేషమే అడిగారు.