వెయ్యో పరామర్శ

పోర్ట్‌డెర్రిన్ రేవు పట్టణ చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగ్గ ఘట్టం సమీపించిందని కౌన్సిలర్ ఫెర్గస్ టూమీ గారు మంగళవారం ప్రకటించారు. పంతొమ్మిదేళ్ల ప్రజాసేవలో వారు తొమ్మిది వందల తొంభై తొమ్మిది అంత్యక్రియలకు హాజరయ్యారు. వెయ్యోది ఎన్నికల లోపే జరిగి తీరుతుందన్నారు. ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి. వారపత్రికకు ఊరి కబుర్లు రాసే నేను దగ్గు ఆపుకుంటూ చప్పట్లు కొట్టాను.

మా ఊళ్లో రోడ్డు వేయకపోతే క్షమిస్తారు, చావుకి రాకపోతే క్షమించరు. టూమీ గారు చెయ్యి పట్టుకుని "మీకొచ్చిన కష్టానికి విచారిస్తున్నాను" అనని ఇల్లు లేదు. ఆ పట్టులో ఎంత బరువుంటుందంటే, పోయినవాణ్ణి మనకంటే ఆయనే ఎక్కువ ప్రేమించారేమోనని కాసేపు అసూయ పుడుతుంది.

చిక్కల్లా ఒక్కటే, ఎవరూ చావడం లేదు. పొద్దున పదింటికి రేడియోలో మరణవార్తలు చదువుతారు. ఊరంతా టీ కప్పు పట్టుకుని వింటుంది. వారం గడిచింది. అన్నీ పక్క ఊళ్ల పేర్లే. టూమీ గారు రేడియో సౌండు పెంచారు, అలాగైనా మన ఊరు వస్తుందేమోనని.

"పక్క ఊరిది లెక్కలోకి రాదాండీ?" అన్నాను.

"వాళ్ల ఓట్లు మనకి పడవు కదయ్యా," అన్నారు బాధగా.

అప్పుడు ఆయనకి డింప్నా క్విల్టీ గుర్తొచ్చింది. తొంభై మూడేళ్లు. నెల నుంచి మంచం దిగలేదు. ఆదివారం ఫాదర్ వచ్చి నూనె రాసి చివరి ప్రార్థన కూడా చేసి వెళ్లారు. టూమీ గారు పూలు పట్టుకుని బయల్దేరారు, నేను నోట్‌బుక్ పట్టుకుని.

"ఎలా ఉంది పెద్దమ్మా?" ఆశగా అడిగారు.

"పోవాలనే ఉంది నాయనా. ఆ రేవు మెట్ల రెయిలింగే పోనివ్వడం లేదు."

ఆ రెయిలింగ్ ఆరేళ్ల క్రితం తుఫానుకి కొట్టుకుపోయింది. ఆమె తమ్ముడు సెనన్ ఎనభై ఏడేళ్ల వయసులో, ఒంటికన్నుతో, పీతల బుట్ట మోస్తూ రోజూ ఆ పాచి మెట్లే ఎక్కుతాడు. మొన్న జారి మోకాలు చీరుకుపోయింది. ఆమె కౌన్సిల్‌కి నలభై ఉత్తరాలు రాసింది. నలభైకీ "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది.

"నేను పోయాక వాడు నీళ్లలో పడితే లాగేదెవరు? ఆ కడ్డీ బిగించిన రోజు నిశ్చింతగా కన్ను మూస్తాను."

టూమీ గారు డైరీ తీశారు. "శుక్రవారం వీలవుతుందా?"

"శుక్రవారం చేపలు తినే రోజు. శనివారం చూద్దాం."

తరవాత జరిగింది పరిపాలనాశాస్త్ర విద్యార్థులు చదువుకోవలసిన విషయం. బుధవారం ఇంజనీరు వచ్చాడు. పర్యావరణ అనుమతికి అడ్డుపడుతున్న సంగతి, అంటే ఆ మెట్ల మీద ఏ సముద్రపక్షీ గుడ్లు పెట్టడం లేదని ఆరేళ్లుగా తేలనిది, గురువారం పది నిమిషాల్లో తేలింది. శుక్రవారం స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ, రెండు వైపులా! అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో పెట్టే శాండ్‌విచ్‌లకి కూడా ఆర్డరు వెళ్లింది.

శనివారం టూమీ గారు నల్లకోటు, నల్ల టైతో రిబ్బను కత్తిరించారు. రెండు పనులూ ఒకే బట్టల్లో అయిపోతాయని ముందుచూపు. సెనన్ కడ్డీ పట్టుకుని పీతలతో పైకొచ్చాడు. జనం చప్పట్లు.

అంతలో డింప్నా వచ్చింది. నడిచి. నైట్‌గౌను మీద తమ్ముడి వానకోటు వేసుకుని. కడ్డీ పట్టుకుని మెట్లన్నీ దిగి, నీళ్లు తాకి, మళ్లీ ఎక్కింది.

"పెద్దమ్మా," టూమీ గారు డైరీ తెరిచి చూపించారు, "మనం అనుకున్నది..."

"ఎంత గట్టిగా బిగించావు నాయనా! గుండెల మీద బరువు దిగిపోయింది. ఆకలి కూడా వేస్తోంది. ఆ శాండ్‌విచ్‌లేవో పెట్టించు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, అలవాటుగా, "మీకొచ్చిన కష్టానికి విచారిస్తున్నాను" అన్నారు.

"నీకొచ్చిన కష్టానికి నేనూ," అందామె.

ఆయన జనం మీద చూపు తిప్పారు, మెల్లగా, ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగుతూ. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు తెర వచ్చింది. చూపు నా దగ్గర ఆగింది. అందులో నేనెన్నడూ ఎరగని ఆప్యాయత.

"ఏమయ్యా, ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

మా సందులో వీధిదీపం నాలుగేళ్లుగా వెలగడం లేదు.

"చాలా రోజులైందండీ," అన్నాను, ఒక చెయ్యి గుండె మీద వేసుకుని. "మా సందు చీకటి కదా, అక్కడికి వెళ్తే మరీ ఎక్కువవుతోంది."