వెనక అట్ట మీది సంచి

ఏడూ పదికి బస్సు. అక్కయ్య ఐదింటికే లేచి సంచి సర్దడం మొదలుపెట్టింది. చెల్లెలు మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుని రెండు నెలలయింది. ఒక్క పది రోజులు వచ్చి ఉండవే అని ఉత్తరం మీద ఉత్తరం రాస్తోంది. పది రోజులకి నాలుగు జతల బట్టలు చాలు. కానీ అక్కయ్య ప్రయాణానికి కాదు, ప్రమాదానికి సర్దుతుంది. టార్చిలైటు, అది వెలగకపోతే అగ్గిపెట్టె. కళ్ళజోడు, అది పగిలితే పాత కళ్ళజోడు. తనకేమైనా అయితే కబురు చేయడానికి నాలుగు అరల్లో ఇంటి చిరునామా రాసిన నాలుగు చీటీలు. సంచి జిప్పు సగంలో ఆగిపోతుంది. మిగతా సగం పిన్నీసుల పూచీ.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. 'ఇదిగో ఇప్పుడే వస్తా'నని ఆ గడప దాటి మళ్ళీ రానివాళ్ళ తేదీలు ఆమెకి కంఠతా వచ్చు. నాన్న, నవంబరు మూడు, సోమవారం. భర్త, జూన్ ఇరవై, గురువారం.

ఆ ఇంట్లో ముందుగది పత్రికాఫీసు, వెనక రెండు గదులూ కాపురం. మూడు నెలలకోసారి వచ్చే కళల పత్రికకి తమ్ముడు ఎడిటరు. ప్రూఫులు దిద్దేది, చిరునామాలు రాసేది, కట్టలు కట్టి పోస్టుకి మోసేది అక్కయ్య. కవులకి "మీ కవిత చేరింది. చూస్తున్నాం" అని జవాబు రాసేదీ ఆమే. దానర్థం వేసుకోవడం లేదని కవులందరికీ తెలుసు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, ప్రూఫులు చదివీ చదివీ చదువు నేర్చుకుంది. మొదటి సంచికలో ఆమె పేరు వేశారు. రెండో సంచికలో చోటు చాలక తీసేశారు. పంతొమ్మిదేళ్ళుగా మళ్ళీ చోటు దొరకలేదు.

తమ్ముడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు.

"అక్కయ్యా, ఆ సంచి ఓ గంట ఇవ్వవే."

"నా సంచా? బస్సు టైమవుతోందిరా!"

"గంటంటే గంటే. వెనక అట్టకి ప్రకటన దొరికింది. పెట్టెల కొట్టాయన ఒప్పుకున్నాడు. ఇది పోతే వచ్చే సంచిక లేనట్టే."

"పెట్టెల కొట్లో పెట్టెలు లేవూ?"

"ఒకటి పంపించాడు. తళతళలాడిపోతోంది. దాన్ని చూస్తే ప్రయాణం గుర్తుకు రాదు, కొట్టే గుర్తొస్తుంది. నీ సంచిలో జీవితం ఉంది."

"నా సంచిలో మందులున్నాయిరా."

ప్రకటన ప్రకటనలా కనిపించకూడదన్నది ఎడిటరు సిద్ధాంతం. ధర వేయకూడదు. పొగడ్త ఉండకూడదు. కొట్టు పేరు కవి పేరుకంటే పెద్దగా ఉండకూడదు. ఆ పత్రికలో కవి పేరు చీమ తలకాయంత ఉంటుంది. అందుకే ఒకసారి ప్రకటన ఇచ్చినవాళ్ళు రెండోసారి ఆ వీధిలోకే వచ్చేవారు కాదు.

సంచిని ఆఫీసు గడప మీద పెట్టారు. తలుపు సగం మూశారు. ఆ ముసురులో ఫొటోగ్రాఫరు కోరుకున్న వెలుతురు పదిన్నరకి వచ్చింది. బస్సుకి వెలుతురుతో పనిలేదు గనక ఏడూ పదికే వెళ్ళిపోయింది. "రేపెళ్ళు" అన్నాడు తమ్ముడు. రేపు ప్రూఫులొచ్చాయి. ఎల్లుండి చిరునామాలు.

కొట్టు పేరుని అట్ట అంచున నిలువుగా వేయమన్నాడు ఎడిటరు. "మరీ చివరికుందండీ, కటింగులో పోతుందేమో" అని ప్రెస్సాయన ఫోను చేశాడు. "బొమ్మకి ఊపిరాడాలండీ" అన్నాడు ఎడిటరు. కటింగు మిషనుకి ఊపిరి సంగతి తెలియదు. ఎనిమిది వందల ప్రతుల్లోనూ కొట్టు పేరు సన్నటి చీలికలై నేల మీద పడింది. సాయంత్రం ఊడ్చేశారు.

ఇక వెనక అట్ట మీద మిగిలిందల్లా పత్రిక పేరున్న బోర్డు, సగం మూసిన తలుపు, గడప మీద పిన్నీసుల సంచి. బోర్డు మీదివి తప్ప ఒక్క అక్షరం లేదు.

సోమవారం ఫ్రేముల కొట్టాయన వచ్చి, కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"మాటమాత్రం చెప్పలేదేమండీ?"

"ఏ మాటండీ?"

"దాచకండి. వెనక అట్ట చూశాను. ఇన్నేళ్ళూ మీరు ప్రకటన అడిగినప్పుడల్లా వచ్చేసారి చూద్దాం అన్నాను. పాపిష్టివాణ్ణి. ఆఖరి సంచికలో నాకు పూర్తి పేజీ కావాలి. నల్ల బోర్డరుతో."

ఎడిటరు నోరు తెరిచాడు. కానీ 'పూర్తి పేజీ' అన్న మాట పంతొమ్మిదేళ్ళలో ఎవరి నోటా వినలేదు. తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది.

ఆయన వెళ్ళగానే అక్కయ్య వెనకగదిలోంచి వచ్చింది. "పత్రిక మూసెయ్యట్లేదని చెప్పవేంరా?"

"చెప్దామనే అనుకున్నా. ఏడుస్తున్న మనిషికి అడ్డుతగలడం మర్యాద కాదు కదే."

మర్నాడు నాటక సమాజం కార్యదర్శి వచ్చింది. ఫ్రేములాయనకి ఒక పేజీ అయితే తమకి రెండు కావాలంది. "ఎడిటరుగారిది కాస్త దిగులుగా ఉన్న ఫొటో ఇప్పించండి."

"అన్నీ అవేనమ్మా" అంది అక్కయ్య.

తరువాత రంగుల కొట్టువాళ్ళు. వాళ్ళని చూసి సంగీతం బడివాళ్ళు. ఆఖరికి పోటీ పత్రిక కూడా 'ఈ లోటు తీరనిది' అంటూ అరపేజీ తీసుకుంది. బతికున్నన్నాళ్ళూ పావు పేజీకి దిక్కులేని పత్రిక పోయిందనేసరికి నలభై పేజీలు లావెక్కింది. రోజూ పొద్దున్నే "ఇవాళ చెప్పేస్తా" అనేవాడు తమ్ముడు. మధ్యాహ్నానికి ఇంకో పేజీ వచ్చేది. ఏప్రిల్‌లో సంచిక విడుదలతో పాటు వీడ్కోలు సభ పెడుతున్నామని, హాలు కూడా మాట్లాడేశామని ప్రకటనలిచ్చినవాళ్ళే వచ్చి చెప్పారు.

ఏడవకుండా వచ్చింది పెట్టెల కొట్టాయన ఒక్కడే.

"నా పేరు లేదు. సంచి నాది కాదు. తలుపు మీది. డబ్బొక్కటే నాది. ఇది ఎవరి ప్రకటనండీ? పైగా చూసినవాడల్లా ఏడుస్తున్నాడట. మాది ప్రయాణాల వ్యాపారమండీ, పోవడాలది కాదు!"

వచ్చే సంచిక వెనక అట్ట నిండా పేరు అరచేతంత అక్షరాల్లో వేస్తానని ఎడిటరు ఒప్పుకున్నాడు. సిద్ధాంతం అక్కడితో సరి. ఆయన చల్లబడి, వెళ్తూ వెళ్తూ అక్కయ్య దగ్గర ఆగాడు.

"ఆ పిన్నీసుల సంచి మీదేనాండీ? మేం ఫొటోకి పంపిన పెట్టె ఇక్కడే ఉందిగా, మీరుంచుకోండి."

"అంత పెద్దది నాకెందుకు బాబూ? పది రోజులకి!"

మార్చి చివర్లో ప్రూఫులొచ్చాయి. అక్కయ్య ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. 'ఒంటిచేత్తో పత్రికని నడిపిన మహానుభావుడు' అంది మొదటి పేజీ. 'తోడులేని బాటసారి' అంది రెండోది. మూడోది మళ్ళీ ఒంటిచేత్తో. మొత్తం పదకొండు ప్రకటనల్లో ఆ మాట ఉంది. రెండుచోట్ల అచ్చుతప్పు పడింది. ఆమె రెండూ దిద్దింది.

తమ్ముడు టీ తాగుతూ తొంగిచూశాడు. "తప్పులేమైనా ఉన్నాయా అక్కయ్యా?"

"అక్షరాల్లో లేవు."

"హమ్మయ్య" అన్నాడు తమ్ముడు.

సభ శుక్రవారం సాయంత్రం జరిగింది. అక్కయ్య వెనక వరుసలో, ప్రతుల కట్టల పక్కన కూర్చుంది. నలుగురు మాట్లాడారు, నాటక సమాజం కార్యదర్శి వెక్కివెక్కి ఏడ్చింది. చివర ఎడిటరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, మీ అభిమానం చూశాక ఒక నిర్ణయానికొచ్చాను. పత్రిక ఆగదు."

చప్పట్లు పడతాయనుకున్నాడు.

"ఆగదంటే?" అన్నాడు ఫ్రేములాయన.

"అంటే... జూలై సంచిక వస్తుంది."

"మరి నా నల్ల బోర్డరు?"

"నేను ఏడ్చేశాను కూడా!" అంది కార్యదర్శి. "నివాళి అచ్చయ్యాక లేచి కూర్చుంటే ఎలాగండీ? కొంచెమైనా బాధ్యత ఉండక్కర్లా?"

హాలు ఖాళీ కావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ప్రతులు మాత్రం మిగిలిపోయాయి. వాటిని అక్కయ్యా తమ్ముడూ చెరో చేత్తో మోసుకుంటూ ఇల్లు చేరారు.

మర్నాడు పొద్దున్న ఆమె కొత్త పెట్టె సర్దుకుంది. పిన్నీసుల సంచి గడప పక్కనే ఉండిపోయింది. తమ్ముడు పెట్టె ఎత్తబోయి ఆగాడు.

"ఇంత బరువేమిటే? పది రోజులే కదా?"

"మందులురా."

"జూలై ప్రూఫులు జూన్ చివర్లో వస్తాయి. మర్చిపోకు."

"నేనెప్పుడు మర్చిపోయాను?" అంది అక్కయ్య. ఈసారి ఏ అరలోనూ చిరునామా చీటీ పెట్టుకోలేదు. అది తమ్ముడికి తెలియదు.

ప్రూఫులొచ్చాక అతను ఉత్తరం రాశాడు. వారానికి కార్డు మీద జవాబొచ్చింది: "నీ ఉత్తరం చేరింది. చూస్తున్నాను."

జూలై సంచిక సెప్టెంబరులో వచ్చింది. ప్రకటనలు లేవు. ఎడిటరు పేరే తప్పు పడింది. ఫ్రేములాయన రాలేదు, కార్యదర్శి రాలేదు, పెట్టెల కొట్టాయనా రాలేదు. వాళ్ళ తేదీలు ఎవరూ రాసిపెట్టుకోలేదు.

తమ్ముడి లెక్కలో ఆ గడప దాటి మళ్ళీ రానివాళ్ళు ముగ్గురు. నాన్న, నవంబరు మూడు, సోమవారం. బావ, జూన్ ఇరవై, గురువారం. అక్కయ్య, ఏప్రిల్ పన్నెండు, శనివారం.