ఫ్యానుకు తెలివొచ్చిన వేళ

చవక చిప్పును తిట్టినవాళ్ళకు కళ్ళు పోతాయి! నేను మాత్రం రోజూ దానికి దణ్ణం పెట్టుకుంటాను.

నా చిన్నప్పుడు మా పెదనాన్న ఒక కంప్యూటర్ కొన్నాడు. టీవీకి తగిలించుకునే బాపతు. దానికి ప్రాసెసర్ చిప్పు ఒక్కటంటే ఒక్కటి. మొరాయిస్తే పెదనాన్న ఆ చిప్పును సాకెట్లోంచి పీకి, దాని ఇనపకాళ్ళు రబ్బరుతో తుడిచి, మళ్ళీ గుచ్చేవాడు. తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ మనమేం చెబుతామా అని ఎదురుచూసేది. ఎంత వెర్రిబాగుల యంత్రం! ప్రోగ్రాం కూడా మనమే రాసి ఎక్కించాలి.

ఇప్పుడో? అంతకంటే చురుకైన చిప్పు కప్పు టీ కంటే చవక. అందుకే పళ్ళు తోముకునే బ్రష్షులో ఉంది, కాలింగ్ బెల్లులో ఉంది, కుక్కర్లో ఉంది. మా ఇంట్లో ఇంకా తెలివి రానిది బకెట్టుకీ నాకే!

అమ్మ గదిలో ఫ్యాను మాత్రం ముప్పై ఏళ్ళుగా చదువూ సంధ్యా లేకుండా తిరుగుతుండేది. చూస్తూ ఊరుకోగలనా? పీకించి, చిప్పున్న ఫ్యాను బిగించాను. రిమోటు, తొమ్మిది వేగాలు, పైగా మనల్ని నిద్రపుచ్చే మోడు! గ్యారంటీ అయిపోయిన మూడో నెలలో అదే నిద్రపోయింది.

మెకానిక్ స్టూలెక్కి విప్పి చూశాడు.

"మోటారు గుండ్రాయిలా ఉంది సార్. చిప్పే పోయింది."

"ఓస్, చిప్పేగా! ఒకటి పడెయ్."

"చిప్పులు నా సంచీలో గుప్పెడున్నాయి సార్. అందులో ఎక్కించే ప్రోగ్రాం కంపెనీవాళ్ళ దగ్గరుంది. చచ్చినా ఇవ్వరు. కొత్త ఫ్యాను కొనుక్కోవడమే."

"మరి నా పాత ఫ్యానేదిరా?" అంది అమ్మ.

దాన్ని పాత సామాన్లవాడికి ఎప్పుడో వేసేశాను.

చూశారా ప్రగతి! పెదనాన్న రోజుల్లో చిప్పు ప్రియం, ప్రోగ్రాం మనది. ఇప్పుడు చిప్పు మనది, ప్రోగ్రాం మాత్రం అడక్కూడదు. ఇంతకంటే ఏం కావాలి?

మిట్టమధ్యాహ్నం అమ్మ ఆ ఫ్యాను వచ్చిన అట్టపెట్టె మూత చింపుకుని విసురుకుంటోంది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. మూత మీద ఇంతింత అక్షరాలతో, 'ఇక మీరు చెయ్యి కదపక్కర్లేదు!' అని అచ్చేసి ఉంది. నాకు సిగ్గేసి దాన్ని లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాను.

ఈ వ్యాసంలో అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి. ఒంటి చేత్తో రాస్తున్నాను.