పేదింటి రొట్టె

మర్ఖేల్ ఊళ్లో కాశీబాయి ఆ పొద్దున జొన్నపిండి కలుపుతూ ఒకటే మాట వల్లె వేసుకుంటోంది: "సాహెబ్, మా ఇల్లు కురుస్తది. ఘర్‌కుల్ ఇప్పియ్యుండ్రి." ఘర్‌కుల్ అంటే సర్కారు కట్టించే ఇల్లు. ఎన్నికల్లో నిలబడ్డ సూర్యకాంత్ మధ్యాహ్నం ఆమె ఇంట్లో రొట్టె తినబోతున్నాడు. పేదల ఇంట్లో కింద కూర్చొని తిన్నవాడికే జనం ఓటేస్తారని పార్టీ కార్యకర్త గోవింద్ తేల్చాడు. చదువు, నిజాయితీ ఫొటోలో పడవు కదా.

అయితే ఆ వాడకట్టులో చుట్టం ముందు లేమి బయటపెట్టడం తప్పు. ఎవరింటికి చుట్టమొచ్చినా పక్కింటి సామాను కదలాల్సిందే. కాశీబాయి భర్త మారోతి ఎదురింటి సుమిత్రాబాయిని రెండు స్టీలు పళ్లేలు అడిగాడు. ఆమెది స్లాబు ఇల్లు, మనసు అంతకన్నా పెద్దది. పళ్లేలతో పాటు కుర్చీలూ ఇచ్చింది. కుర్చీలొచ్చాక సోఫా ఏం పాపం చేసిందని సోఫా వచ్చింది. ఎదుటి గోడ బోసిగా ఉందని టీవీ వచ్చింది. చల్లటి నీళ్లకు ఫ్రిజ్జు, ఉక్కకు కూలరు. చివరికి ఇంటి కప్పు కనబడకుండా పెళ్లి పందిరి గుడ్డ కట్టేశారు. కాశీబాయి ఆ గుడ్డను చూసి మొగుణ్ణి నిలదీసింది.

"చిల్లులే కప్పెడితే ఆయనకేం జూపియ్యాలె?"

"నోరుంది గద, చెప్పు" అన్నాడు మారోతి.

సూర్యకాంత్ గడపలో నిలబడి సోఫా చూశాడు, ఫ్రిజ్జు చూశాడు, వెనకున్న కెమెరావాణ్ణి చూశాడు. పేదోళ్ల ఇల్లంటే పెళ్లోళ్ల ఇంటికి తెచ్చావేమని గోవింద్‌తో గొణిగి వెనుదిరిగాడు. ఎదురింటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల గోడలు తప్ప ఏమీ లేవు. సుమిత్రాబాయి ఒక్కతే కటిక నేల మీద కూర్చొని ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి. కెమెరావాడు అడిగితే ఇంకోసారి చెమర్చాయి.

"ఇల్లు గట్టుకోని సామానంత అమ్ముకున్నవా, అవ్వా?"

నిజం చెబితే కాశీబాయి పరువు పోతుందని ఆమె నోరు మెదపలేదు. పేదల ఆత్మాభిమానమంటే ఇదేనని సూర్యకాంత్ అక్కడే చతికిలబడ్డాడు. కాశీబాయి చేసిన రొట్టెలు అటే పోయాయి. ఈ అవ్వకు ఘర్‌కుల్ ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఆమెకు స్లాబు ఉందని గోవింద్ చెవిలో చెబితే, దాని మీదనే కట్టించమన్నాడు.

కాశీబాయి ఇంకో రొట్టె తెచ్చింది. వడ్డిస్తూనే అనేసింది.

"సాహెబ్, కురిసేది మా ఇల్లు."

ఆయన నింపాదిగా రొట్టె నమిలి మింగాడు.

"ఫ్రిజ్జున్నోళ్లు పేదోళ్ల నోటికాడిది గుంజుకోవద్దు, అక్కా."

సాయంత్రం సభలో గోవింద్ మైకు పట్టుకొని, అసలైన పేదను గడపలోంచే గుర్తుపట్టే నాయకుడు తమవాడని చాటాడు. పొద్దుట్నుంచి ఫ్రిజ్జు మోసి నడుం పట్టేసిన మారోతి కూడా చప్పట్లు కొట్టాడు.